దాలిగాడి మూడో దెబ్బ

రైలింజన్లు బొగ్గు తిని పొగ వదిలే కాలంలో, అనగనగా నాలుగు మైళ్ళ పట్టాలదారి. ఆ దారిని బాగుచేసుకుంటూ ఉండే ఒక కూలీల గ్యాంగు. ఆ గ్యాంగుకి కూర్మయ్య అని ఒక మేస్త్రీ.

పట్టాని దాని కిందుండే అడ్డచెక్కకి బిగించే చీలని వాళ్ళు కీ అంటారు. మైలుకి రెండువేల చెక్కలు, చెక్కకి రెండు కీలు. నాలుగు మైళ్ళకి పదహారువేలు. పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని వాటిని చూసుకుంటూ నడిచేవాడు కీమాన్ దాలయ్య. అందరికీ దాలిగాడు.

దాలిగాడికి పని నేర్పింది కూర్మయ్యే.

"ఒరే దాలీ, వదులు కీ కనబడితే మూడు దెబ్బలు. మొదటిది లేపడానికి. రెండోది బిగించడానికి. మూడోది, బిగిసిందో లేదో మోత వినడానికి. మూడోది వినకుండా కాలు కదిపినావో, నా గ్యాంగులో ఉండవు."

"ఎండ మండిపోతుంటే మావా?"

"మూడు."

"వాన దంచేస్తుంటే?"

"మూడు."

"రైలు మీదకొచ్చేస్తుంటే?"

"మూడూ కొట్టి దూకరా ఎదవా!"

గ్యాంగంతా నవ్వింది. దాలిగాడు మాత్రం నవ్వలేదు. నేర్చుకున్నాడు.

ఎంతలా నేర్చుకున్నాడంటే, వాడి పెళ్ళాం గున్నమ్మ కూర్మయ్య దగ్గర మొర పెట్టుకుంది. "ఏటి మావా ఇది? సంతలో కుండ కొంటే మూడుసార్లు కొట్టి వింటాడు. తలుపు గొళ్ళెం పెడితే మూడుసార్లు. నిన్న నా గాజుల మీద కూడా కొట్టి సూసినాడు!"

"మోగినాయా?" అన్నాడు కూర్మయ్య.

"ఒకటి పగిలింది."

కూర్మయ్య మీసం కింద నవ్వుకున్నాడు. తన చేతిలో తయారైన మనిషి మరి.

అంతలో ఎక్కడో దూరదేశంలో యుద్ధం వచ్చింది. ఒక దొర ట్రాలీ మీద వచ్చి దిగాడు. పటాలానికి పట్టాలు వేసేవాళ్ళు కావాలన్నాడు. గ్యాంగుకొక మనిషి. ఎవరన్నది మేస్త్రీయే చెప్పాలి.

ఒకడికి చూపు ఆనదు. ఒకడికి మోకాళ్ళ నొప్పులు. ఒకడు చెయ్యెత్తి, "నేను ఎల్తాను, నాకెవరూ లేరు" అన్నాడు. ఆ మాటతో ఊరుకుంటే సరిపోయేది. కానీ దొర, "మీలో గట్టి పనివాడెవడు?" అని అడిగాడు. కూర్మయ్య ఛాతీ పొంగింది. "మా దాలిగాడండి. పట్టా లోపల పగులున్నా వాడి చెవికి తెలిసిపోద్ది" అనేశాడు.

దొర పేరు రాసుకున్నాడు. రాశాక చెరపలేదు.

దాలిగాడు తన సుత్తి భుజాన వేసుకునే రైలెక్కాడు. స్టేషన్లో గున్నమ్మ ఏడవలేదు. కూర్మయ్య కళ్ళలోకి చూసింది. "నువ్వే పంపుతున్నావు మావా. నువ్వే తేవాల."

"తెస్తానమ్మా. పట్టాలు వెయ్యడానికే గదా" అన్నాడు కూర్మయ్య.

ఒక వానాకాలం పోయింది. దాలిగాడు రాలేదు. రెండో వానాకాలం పోయింది. దాలిగాడు రాలేదు. మూడో వానాకాలంలో ఒంటికాలి సిపాయి ఒకడు కర్ర ఊతంతో గ్యాంగు గుడిసెల దగ్గరికొచ్చాడు. చేతిలో సుత్తి ఉంది. ఆ సుత్తి ఎవరిదో గున్నమ్మకి చెప్పక్కర్లేకపోయింది.

"అది ఇసక దేశం" అన్నాడు సిపాయి. "గాయపడ్డవాళ్ళని మోసుకుని రైలొస్తోంది. మూడొందలమంది. అప్పుడే పైన విమానం వచ్చింది. పడుకోండి, పడుకోండి అని అరిచారు. అందరం పడుకున్నాం. దాలయ్య పట్టా మీద చెవి పెట్టి పడుకున్నాడు. ఉన్నట్టుండి లేచాడు. ఎక్కడికిరా అంటే, కీ వదులైంది అన్నాడు."

"కొట్టాడా?" అన్నాడు కూర్మయ్య.

"ఒకటి కొట్టాడు. రెండు కొట్టాడు. చాలురా, పడుకోరా అని అరిచాను. ఇంకోటుంది అన్నాడు. మూడోదానికి సుత్తి ఎత్తాడు. పైనుంచి తూటాలు కురిశాయి."

"రైలు?"

"దాటింది. మూడొందలమందీ బతికారు. తర్వాత నేను పాక్కుంటూ వెళ్ళి ఆ కీ పట్టి చూశాను పెద్దాయనా. కదల్లేదు. రెండో దెబ్బకే బిగిసిపోయింది."

గున్నమ్మ సుత్తి అందుకుంది. కూర్మయ్య వైపు తిరిగింది.

"రెండుకే బిగిసిందంట మావా. మూడోది ఎందుకు?"

"వినడానికమ్మా."

"ఎవుడు సెప్పినాడు?"

కూర్మయ్య ఒక్కడే పట్టాల వైపు నడిచిపోయాడు.

మర్నాడు పొద్దున్న కూర్మయ్య, గున్నమ్మ గుడిసె ఎదురుగా పట్టాకున్న కీ దగ్గర ఆగాడు. దాలిగాడి సుత్తి అడిగి తీసుకున్నాడు. ఒకటి కొట్టాడు. రెండు కొట్టాడు. మూడోదానికి ఎత్తి, దించేశాడు. వంగి కీ మీద చెయ్యి పెట్టి, తల దించుకుని కూర్చున్నాడు. "చాలురా దాలీ, పడుకోరా" అన్నాడు. బతికున్నన్నాళ్ళూ రోజూ అంతే. గున్నమ్మ రోజూ గుమ్మంలోంచి చూసేది. ఏమన్నా అంటే బాగుండునని కూర్మయ్యకుండేది.

కూర్మయ్య పోయాడు. గున్నమ్మ పోయింది. చెక్కలు పోయి సిమెంటు దిమ్మలొచ్చాయి. అయినా ఆ దారిన నడిచే కీమాన్ వదులైన ఏ కీ మీదైనా మూడు కొడతాడు, ఆ ఒక్క కీ మీద రెండే కొడతాడు. మూడోదానికి బదులు వంగి చెయ్యి పెడతాడు.

ఆ చుట్టుపక్కల ఇళ్ళల్లో ఇప్పటికీ ఒక మాట ఉంది. తిండి మానేసి ఎవరైనా పనిలో పడి కొట్టుకుంటుంటే, ఇంట్లో పెద్దవాళ్ళు వచ్చి చేతిలో పనిముట్టు లాక్కుంటారు.

"రెండు చాలురా, దాలీ" అంటారు.