నాలుగో నిద్ర

విరూపాక్షి మాస్టారు ఏది అడిగినా వెంటనే బదులివ్వరు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన రోజుల్లోనూ అంతే, రిటైరై పట్టుపురుగులు పెంచుకుంటున్న ఈ రోజుల్లోనూ అంతే. ప్రశ్న విని, లేచి ఎటో వెళ్తారు, అడిగినవాడు వెంటపడాలి. పాత శిష్యుడు ఓబులేసుకు ఆ సంగతి తెలియనిది కాదు. కానీ ఆ మధ్యాహ్నం అతనికి నిలకడ లేదు.

“అన్నం రెండు పిడికిళ్లకు తెచ్చినా సార్. తీపి మాన్పించినా. అయినా పదహారేండ్ల పిల్లకు రక్తంలో చక్కెర అంచుకొచ్చిందంటాడు డాక్టరు. ఇంకేం మాన్పించల్ల?”

కూతురు తన్మయి వసారాలో బల్ల మీద కూర్చుని, ఒళ్లో పుస్తకం తెరిచిపెట్టుకుంది. మెడిసిన్ ప్రవేశపరీక్షకు ఇంకా ఏడు నెలలున్నాయి.

“తిండి సరే, ఎంతసేపు నిద్రపోతుంది?” అన్నారు మాస్టారు.

“నాలుగున్నర గంటలు. దగ్గరుండి నేనే లేపుతా. పరీక్ష అయ్యేదాకనే గదా సార్.”

మాస్టారు లేచి పురుగుల షెడ్డులోకి నడిచారు. ఓబులేసు వెనకాలే వెళ్లాడు. తట్టల నిండా పురుగులు తలలెత్తి, కదలకుండా ఉన్నాయి. మిగిలిన మల్బరీ ఆకు పక్కనే వాడిపోతోంది. చచ్చిపోయాయనుకున్నాడు. కంగారులో ఉన్నవాడికి అన్నీ కీడుగానే తోస్తాయి. మాస్టారు చేతులు కడుక్కునేలోపు ఒకదాన్ని వేళ్లతో ఎత్తి ఆకు మీద పెట్టాడు. అది కాస్త మెదిలింది.

“బతికే ఉంది సార్,” అన్నాడు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని.

మాస్టారి ముఖం చిన్నబోయింది. “తోలు విడిచే ముందర పోయే నాలుగో నిద్రలో ఉండాయి అవి. పండుకునే ముందర సన్నటి దారంతో కాళ్లను తట్టకు అతికించుకుంటాయి. ఆ పట్టు ఉంటేనే, లేచేటప్పుడు పాత తోలులోంచి బయటికి పాకేది. దాన్ని ఊడదీస్తివి నువ్వు.”

“మళ్లీ తట్టలో పెడితే?”

“పెట్టు. లోపల ఒళ్లు పెరుగుతుంది, పైన తోలు ఊడదు.”

“మేత తగ్గించి చూస్తే సార్?” అని అడిగాక, తన మాట తనకే వింతగా వినబడి ఓబులేసు తల దించుకున్నాడు. పురుగును మెల్లగా తిరిగి తట్టలో పెట్టాడు.

ఇద్దరూ బయటికి వచ్చేసరికి తన్మయి బల్ల మీదే ఒరిగి నిద్రపోతోంది. పుస్తకం కిందపడి ఉంది. గడియారంలో మూడుకు పది నిమిషాలు. మూడింటికి ఫోన్లో వారపరీక్ష. అది తప్పితే పిల్లను కాలేజీలో కింది సెక్షన్‌కి దింపేస్తారు. ఆ భయం తన్నుకొచ్చి ఓబులేసు గబగబా వెళ్లి ఆమె భుజం మీదికి చెయ్యి చాచాడు.

“ఓబులేసూ,” అన్నారు మాస్టారు, గొంతు తగ్గించి. “ఆ పురుగునంటే తెలీక ముట్టుకుంటివి.”