సముద్రం వైపు మొహం పెట్టిన పీత

ఒకప్పుడు పీతలు చీమల్లాగే తిన్నగా, ముందుకే నడిచేవి. కళ్లు కూడా ఇప్పట్లా పుల్లల మీద నిలబెట్టినట్టు ఉండేవి కావు. రెండు ఆవగింజల్లా మొహానికి అంటుకుని ఉండేవి. ఎదర ఏముందో అంతే కనపడేది. మెడ మాత్రం పీతకి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మనమైతే పక్కకి చూడాలంటే తల తిప్పుతాం. పీత పక్కకి చూడాలంటే ఒళ్లంతా తిప్పుకోవాల్సిందే.

ఆ రోజుల్లో ఎర్రమట్టి దిబ్బల కింద, ఏరు వచ్చి సముద్రంలో కలిసేచోట, ఒక ఎర్ర పీతల కుటుంబం బొరియ తవ్వుకుని కాపురముండేది. తల్లి పేరు నూకాలు. తండ్రి పేరు పోలయ్య. పిల్లలంటారా, ఇసక చల్లినట్టు బోలెడుమంది. అందరిలోకీ చిన్నది అసిరి. శనగబద్దంత ఉండేది. నోరు మాత్రం బొరియ పట్టేదికాదు.

రోజూ ఎండ చల్లబడగానే పీతలన్నీ కుటుంబాలతో షికారుకి బయల్దేరేవి. ముందు ఏటి గట్టు మీదుగా పైకి. అక్కడ నువ్వుచేను పూతమీద ఉండేది. చేను దాటితే తాటితోపు, తోపు దాటితే మొగలి పొదల వాసన. అక్కణ్ణుంచి ఎర్ర దిబ్బలెక్కి దిగితే మళ్లీ సముద్రం. ఆ తర్వాత ఒడ్డు వెంటే నడుచుకుంటూ, చీకటి పడేలోగా ఇల్లు. అంత అందమైన దారి ఇంకోటి లేదని పీతలు చెప్పుకునేవి. నిజమే గానీ, ఆ అందం చూసింది ఎవరు?

ఎందుకంటే షికారుకి ఒక పద్ధతుండేది. ముందు తండ్రి, వెనక తల్లి, ఆ వెనక పెద్దపిల్లలు, అందరికంటే చివర చిన్నది. ఒకరి అడుగులో ఒకరు అడుగు వెయ్యాలి. అప్పుడే పిల్లలకి నడక వస్తుందని పెద్దల మాట. వరసలోంచి వెనక్కి తిరిగితే ఆ ఇంటి నడక చెడిపోతుందని ఇంకో మాట. అంచేత ముందున్నవాళ్లు వెనక్కి చూసేవాళ్లు కారు.

చివర నడిచే అసిరికి ఒళ్లుమండేది.

"అమ్మా! నాకేటీ అవుపడ్డం లేదే! అన్నయ్య ఈపొక్కటే అవుపడతంది!"

"సాల్లే. పెద్దోల అడుగులో అడుగెయ్యి."

"ఎన్నాళ్లు సూడాలే ఈడి ఈపు?"

ముందు నడుస్తున్న అన్నకి కోపం వచ్చేది. నూకాలుకి మాత్రం నవ్వొచ్చేది. కానీ వెనక్కి తిరక్కుండానే నవ్వుకునేది.

ఒక పున్నమినాడు సముద్రం పోటు మీదుంది. కెరటాలు రోజూ వచ్చేచోటు దాటి, షికారు దారిదాకా వచ్చి, పీతల కాళ్లు తడిపి పోతున్నాయి. దిబ్బలు దిగి, అన్ని కుటుంబాలకంటే ఆఖరున, ఒడ్డు వెంట ఇంటిదారి పట్టింది పోలయ్య కుటుంబం. అసిరికి ఆ తడి మహా సరదాగా ఉంది.

"అమ్మా! కెరటం నన్ను పలకరిస్తందే!"

"పలకరించనీ. నువ్వు నడు."

"తెల్లగా బుడగలు బుడగలు! ఒక్కపాలి ఇటు సూడవే!"

నూకాలుకి తిరగాలనే ఉంది. కన్నకూతురు అంత ముచ్చటగా పిలుస్తుంటే ఏ తల్లికి ఉండదు? కానీ తిరగాలంటే ఒళ్లంతా తిప్పాలి. వరస ఆగిపోవాలి. తెలిస్తే మిగతా కుటుంబాలవాళ్లు "నూకాలికి నడక తెల్దు" అని ఆడిపోసుకుంటారు.

"ఇంటికెల్లాక సెబుదువులేవే" అంది.

ఆ తర్వాత అసిరి పిలవలేదు. ఇవాళ బుద్ధిగా నడుస్తోంది నా తల్లి, అనుకుని నూకాలు మురిసిపోయింది కూడాను.

బొరియ దగ్గరికొచ్చారు. పోలయ్య పక్కకి తప్పుకుని పిల్లల్ని ఒక్కొక్కరినీ లోపలికి పంపాడు. పెద్దాడు దిగాడు. వాడి వెనకది దిగింది. అలా అందరూ దిగిపోయారు. అసిరి ముందు నడిచే అన్న కూడా దిగాడు. వాడి వెనక ఇసక తప్ప ఏమీ లేదు.

నూకాలు చటుక్కున వెనక్కి తిరిగింది. వచ్చినదారినే పరుగెత్తింది. మొగలి పొదల్ని అడిగింది, అవి తలలూపాయి. మడుగులో నిలబడ్డ కొంగని అడిగింది.

"నాను సేపల్ని సూస్తన్నాను గానీ పీతల్ని సూడ్లేదమ్మా" అంది కొంగ.

చివరికి ఒక కెరటం ఒడ్డుకొచ్చి చతికిలబడి, "ఎర్రగా, చిన్నగా, ఒకటే మాటలు... ఆ పిల్లేనా?" అని అడిగింది.

"అదే! ఎక్కడుంది నా పిల్ల, నా గుంట?"

"ఎంత ముద్దుగా ఉందనుకున్నావ్! తనకేమీ కనపడ్డం లేదంది. నా వీపెక్కు, లోకమంతా కనపడుతుందన్నాను. ఎక్కింది. కాస్త లోపలికెళ్లాక ఇంకో కెరటానికి అందించాను. అది మరోదానికి అందించి ఉంటుంది."

"ఎనక్కి తెచ్చీ! నీ కాళ్లు పట్టుకుంటాను, తెచ్చీ!"

కెరటం చిన్నబోయింది. పాపం, అది చెడ్డది కాదు. ముందూ వెనకా చూసుకోని రకం, అంతే.

"తెస్తాం తల్లీ. ఒడ్డుది ఒడ్డుకే ఇస్తాం, మేం ఉంచుకోం. కానీ ఎప్పుడని అడక్కు, ఎక్కడని అడక్కు. మా కెరటాలకి దారి తెలుసు గానీ ఊరు తెలీదు. ఏదో ఒకరోజు, ఏదో ఒక కెరటం, ఏదో ఒక ఒడ్డున దాన్ని దింపుతుంది. అప్పుడు ఎవరైనా చూసి చటుక్కున పట్టుకోవాలి. ఎవరూ చూడకపోతే ఆ వెనకొచ్చే కెరటం మళ్లీ లోపలికి లాక్కుపోతుంది."

ఈ మాట చెప్పి అది వెళ్లిపోయింది. కెరటానికి నిలబడి ఓదార్చడం రాదు.

మర్నాడు నూకాలు అసిరి తప్పిపోయినచోటే సముద్రం వైపు మొహం పెట్టి కూచుంది. తిండి లేదు, మాటలేదు. ప్రతి కెరటం విరగ్గానే లేచి చూస్తుంది. నురుగు తప్ప ఏమీ ఉండదు. మళ్లీ కూచుంటుంది. నా బంగారుతల్లి ఒక్కసారి చూడమంది, ఒక్కసారి, నేను చూడలేదు, అని కుమిలిపోయింది. మిగతా పిల్లలు వచ్చి కాళ్లకి చుట్టుకున్నా కదల్లేదు.

పోలయ్య వచ్చి పక్కన కూచున్నాడు. 

"ఒలే నూకాలూ, నువ్విక్కడ కూకున్నావు. కెరటం దాన్ని ఆ దిబ్బలకాడ దింపితేనో?"

నూకాలు ఉలిక్కిపడింది. లేచి దిబ్బల దగ్గరికి వెళ్లింది. అక్కడికెళ్లాక, ఏటి దగ్గర దింపితేనో అనిపించింది. మళ్లీ ఇటొచ్చింది. ఒడ్డంతా తిరుగుతూనే ఉండాలని అప్పుడు తెలిసింది.

కానీ తిరగడమెలాగ? ఒడ్డు వెంట తిన్నగా నడిస్తే మొహం ఎదర ఇసకని చూస్తుంది. సముద్రం పక్కకి పడిపోతుంది. సముద్రాన్ని చూద్దామని తిరిగితే కాళ్లు నీళ్లలోకి తీసుకుపోతాయి. చూస్తే నడవలేదు, నడిస్తే చూడలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నూకాలు కాసేపు ఆలోచించింది. తర్వాత మొహం సముద్రం వైపు తిప్పి, అలాగే ఉంచి, కాళ్లని మాత్రం పక్కకి వేసింది.

మొదటి అడుగుకే బోర్లాపడింది. ఈ పక్క కాళ్లు ఆ పక్క కాళ్లకి మెలిపడ్డాయి. లేచింది. మళ్లీ పడింది. మళ్లీ లేచింది. పడమర దిక్కున ఎండ ఎర్రబడేవేళకి, పడకుండా దిబ్బలదాకా వెళ్లింది. మొహం మాత్రం ఒక్కసారి కూడా నీళ్ల మీంచి మళ్లలేదు.

షికారుకొచ్చిన పీతలన్నీ ఆగి చూశాయి. వరసలో వెనక్కి తిరగనివాళ్లు కూడా ఈ వింత చూడ్డానికి బాగానే తిరిగారు!

"ఓలమ్మా, నూకాలు అడ్డంగా నడుస్తంది!"

"నెత్తి తిరిగిందేటి పాపం!"

కొంగ ఒంటికాలి మీద నిలబడి పడీ పడీ నవ్వింది. ఒంటికాలి మీద నిలబడేవాళ్లకి ఇతరుల నడక మీద ఎంత నవ్వో చూడండి.

పోలయ్యకి తల కొట్టేసినట్టయింది. పిల్లల్ని వరసలో పెట్టుకుని, తిన్నగా నడుస్తూ నూకాలు పక్కకొచ్చాడు.

"నలుగురూ నవ్వతన్నారే. మరేదంగా నడు."

"నవ్వనీ మావా. మరేదకి ఒకపాలి నడిసేను, అది సాల్దా?"

 పోలయ్య మరికొంత దూరం తిన్నగానే నడిచాడు. ఇంతలో వెనక ఏదో సందడి వినిపించింది. తిరక్కూడదు, అయినా తిరిగాడు. పిల్లలు వరస వదిలేశారు. పెద్దాడు వాళ్లమ్మ పక్కన చేరాడు. వాడి పక్కన చెల్లెలు. అసిరి ముందు నడిచే అన్న అందరికంటే చివర. అందరూ సముద్రం వైపు మొహాలు పెట్టి, పడుతూ లేస్తూ పక్కకి నడుస్తున్నారు.

 పోలయ్య వెళ్లి పిల్లలకి ఆ కొసన నిలబడ్డాడు. తనూ పక్కకి అడుగు వేశాడు.

అలా ఎన్ని పున్నములు పోయాయో! మనం ఎవరికోసమైనా ఎదురుచూసినప్పుడు కళ్లు కాయలు కాశాయంటాం. నూకాలుకి నిజంగానే కాశాయి. కెరటం వెనక ఏముందోనని సాగి సాగి, ఆ ఆవగింజ కళ్లు మొహాన్ని వదిలి పైకి లేచాయి. కాడల మీద నిలబడ్డాయి. అయినా అసిరి కనపడలేదు.

ఒక సాయంత్రం దిబ్బల కింద కెరటం విరిగింది. నురుగులో చిన్న పీత ఒకటి గిలగిల్లాడుతోంది. నూకాలు ప్రాణాలన్నీ కాళ్లలోకి వచ్చాయి. పక్కకి అలవాటైన కాళ్లు కదా, గాలిలా వెళ్లి, వెనకొచ్చే కెరటం అందుకునేలోగా దాన్ని గట్టిగా పట్టుకుని పొడి ఇసకలోకి లాగేసింది.

"అసిరీ! నా తల్లీ!"

ఆ పిల్ల బెదురుగా చూసింది. ఎరుపు కాదు. తెల్లటి ఒళ్లు, దాని మీద బూడిదరంగు చుక్కలు. ఎక్కడో, ఏ దేశపు ఒడ్డుదో.

నూకాలుకి ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఇంతకాలం ఎదురుచూస్తే వచ్చింది నా బిడ్డ కాదా, అని ఎంత దుఃఖమో. పట్టు కాస్త సడలింది. కెరటం మళ్లీ వస్తోంది.

"నన్నొదిలెయ్యకు" అంది ఆ పిల్ల. "మా అమ్మని పిలిచాను. ముందు నడుస్తోంది, తిరగలేదు."

నూకాలు దాన్ని గుండెకి హత్తుకుంది.

"తిరగాలనే అనుకునుంటాది మీయమ్మ" అంది. "నాకు తెల్సు."

ఆ పిల్లని పొట్టకింద దాచుకుని, ఒడ్డుకొచ్చిన కెరటంతో చెప్పింది.

"ఒసే కెరటమా! నీకు ఊరు తెల్దు, సరే. దారి తెల్సు గదా. నువ్వు తగిలిన పెతి ఒడ్డునా పీతలకి ఈ మాట సెప్పు. నడిసినంతసేపూ నీల్లకేసి సూడమను. ఎవరి గుంటయినా పరవాలేదు, దిగీసరికి పట్టుకోమను. నా అసిరి ఏ ఒడ్డున దిగతాదో నాకు తెల్దు. ఎక్కడ దిగినా ఒక అమ్మ దాన్ని సూస్తండాల."

కెరటం ఈసారి మరిచిపోలేదు. పక్కదానికి చెప్పింది. అది దాని పక్కదానికి చెప్పింది. దీవుల దగ్గరా, మడ అడవుల దగ్గరా, మనం పేరు కూడా వినని తీరాల దగ్గరా చెప్పాయి. విన్న ప్రతి తల్లి పీతా ఒక్కసారి వెనక్కి తిరిగి తన పిల్లల్ని చూసుకుంది. తర్వాత నీళ్ల వైపు మొహం పెట్టి, పక్కకి అడుగు వేసింది.

మరి అసిరి దొరికిందా అంటారా? ఆ కబురు నూకాలుకి అందలేదు. మనకీ అందలేదు. ఎక్కడో ఒక ఒడ్డున, వేరే రంగు అమ్మ ఒకతె దాన్ని చటుక్కున పట్టుకునే ఉంటుందని నూకాలు నమ్మింది. నమ్మినా చూడ్డం మానలేదు.

అప్పటినుంచే పీతలు పక్కకి నడుస్తున్నాయి, ఎదురుచూసి ఎదురుచూసి వాటి కళ్లూ కాడల మీద నిలబడి ఉన్నాయి. మీరు అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని ఒడ్డు వెంట నడిచేటప్పుడు కాస్త మెల్లగా నడవండి. మీ అలికిడికి పీత బొరియలోకి దూరిపోతుంది. మీరు కదలకుండా ఉంటే, ముందు కళ్లు మాత్రం పైకి పెడుతుంది. మిమ్మల్ని కాదు, మీ వెనక విరిగిన కెరటంలో ఎవరైనా దిగారేమోనని చూస్తుంది.