గడప దగ్గర చక్కెర

దస్తగిరికి కొన్ని రోజులుగా అన్నం సహించడం లేదు. సోమవారం అతను కోర్టుకు వెళ్లాలి.

రెండేళ్ల కిందట బస్టాండులో బాంబు పేలి చనిపోయినవాళ్లలో అతని తమ్ముడు మౌలాలి ఒకడు. ఆ కేసులో సిలార్ అనే కుర్రవాణ్ని పట్టుకున్నారు. నేరం రుజువైందని కోర్టు తేల్చింది, ఇక శిక్షే ఖరారు కావాలి. చనిపోయినవాళ్ల తాలూకు మనుషులు వచ్చి ఉరిశిక్షే కావాలని జడ్జి ముందు చెబితే బాగుంటుందని సర్కారు వకీలు కబురు పెట్టాడు. చెప్పడానికి దస్తగిరి ఒప్పుకున్నాడు. ఏం చెప్పాలో ఒకటికి పదిసార్లు మనసులో అనుకున్నాడు కూడా. అయినా నిద్ర పట్టడం లేదు. ముందుగా ఆ కోరిక మీద దర్గాలో చక్కెర చదివిస్తే మనసు కుదుటపడుతుందనుకున్నాడు.

గుండ్లకోన దర్గాకు ఖాసిం పీరా పెద్ద. తల్లీతండ్రీ లేని ఆ అన్నదమ్ములిద్దరినీ చేరదీసి అన్నం పెట్టింది ఆయనే. మౌలాలి పెద్దయ్యాక ఊళ్లో గాజుల బండి పెట్టుకున్నాడు. దస్తగిరి ఆయనకు శిష్యుడై అక్కడే ఉండిపోయాడు.

ఆ దర్గాకు అన్ని కులాలవాళ్లూ చక్కెర తెస్తారు. బిడ్డకు జ్వరం తగ్గిందని ఒకరు, తప్పిపోయిన బర్రె దొరికిందని ఇంకొకరు. పెద్దాయన పళ్లెం ముందు కూర్చుని ఫాతిహా చదువుతాడు. చదివిన చక్కెర గడప దగ్గర పంచాలి. అక్కడ ముందు ఎవరు కూర్చుని ఉంటే మొదటి చిటికెడు వాళ్లది. తాగుబోతైనా, పోలీసైనా, వాళ్లను దాటి పోకూడదు. ఇచ్చేవాళ్లు దేని మీద చదివించారో చెప్పాలి. పుచ్చుకునేవాళ్లు 'ఆమీన్' అనాలి. అప్పుడే ఆ చదివింపు చెల్లినట్టు.

ఈ మధ్య పెద్దాయనకు పేర్లు నిలవడం లేదు. ఎవరి పేరున చదువుతున్నాడో మధ్యలో మరిచిపోతే, పక్కన కూర్చుని దస్తగిరే అందిస్తాడు. గురువారం సాయంత్రం మాత్రం ఆయన ఊదు తెమ్మని శిష్యుణ్ని ఊళ్లోకి పంపేవాడు. డబ్బాలో ఊదు నిండుగా ఉన్నా పంపేవాడు. పాపం, మరుపు అనుకుని దస్తగిరి మారు మాట్లాడకుండా వెళ్లి తెచ్చేవాడు.

ఆ రోజూ గురువారమే. పెద్దాయన ఊదు మాట ఎత్తలేదు.

"బాబా, ఒక చదివింపు ఉంది" అన్నాడు దస్తగిరి.

"ఎవరి పేరున?"

"నా పేరునే."

"ఏం కావాలి నాయనా నీకు?"

"ఆ సిలార్‌ని ఉరి తీయాలి."

ఆయన ఊదుదానిలో బూడిద దులుపుతున్నాడు. చెయ్యి ఆగలేదు. కోప్పడితే ఏం చెప్పాలో, వద్దంటే ఏమని ఎదురు చెప్పాలో దస్తగిరి అన్నీ సిద్ధం చేసుకుని వచ్చాడు.

"చక్కెర తెచ్చావా?"

"తెచ్చాను."

"మొన్న రెడ్డి తెచ్చినట్టు సగం చీమలే కాదు కదా?"

"కొత్త పొట్లం బాబా."

ఆయన పళ్లెం ముందు కూర్చుని, ఎప్పుడూ చదివినట్టే నెమ్మదిగా చదివాడు. కోరిక చెప్పాల్సిన చోటికి వచ్చేసరికి ఆగి శిష్యుడి వైపు చూశాడు. దస్తగిరి ఆయన చెవి దగ్గర వంగి అందించాడు. ఆయన తల ఊపి, పళ్లెం అతని చేతికిచ్చాడు.

"నువ్వే పంచిరా" అన్నాడు.

గడప అవతల కొంగు తల మీదికి లాక్కుని ఒక ముసలామె కూర్చుని ఉంది. మిగతావాళ్లు ఆమెకు ఎడంగా కూర్చున్నారు. దస్తగిరి ఆమెను కోర్టు వరండాలో చూశాడు. సిలార్ తల్లి హుసేనమ్మ.

పళ్లెం పట్టుకుని అతను అక్కడే నిలబడిపోయాడు.

"ఏమయ్యా దస్తగిరీ, అది చక్కెరా, మీ తాత ఆస్తా? చెయ్యి కదలడం లేదు" అంది మెట్టు మీద పూలమ్మే మాబున్ని.

హుసేనమ్మ చెయ్యి చాపింది. ఆ చేతిలో చిటికెడు చక్కెర వేశాడు. ఆమె వెంటనే నోట్లో వేసుకోలేదు.

"దేని మీద నాయనా?" అని అడిగింది.

కోర్టులో చెప్పడానికి బాగా నేర్చుకున్న మాటే. నోరు తెరిచాడు. రాలేదు.

"చెప్పకపోతే నేను ఆమీన్ ఎట్లా అనేది?" అంది ఆమె. మళ్లీ తనే, "పోనీలే. మీ తమ్ముడి మీదే అయ్యుంటుంది" అంది.

"నేనెవరో నీకు తెలుసా?"

"తెలియకేం? ప్రతి గురువారం నేను తెచ్చే చక్కెర కూడా మౌలాలి మీదే. మొదట్లో పేరు తెలియక, బస్టాండులో పోయిన పిల్లోడు అని చదివించేదాన్ని. పేరు లేకుండా ఎందుకమ్మా అని పెద్దాయనే చెప్పినాడు. నేను ఎప్పుడు మరిచిపోయినా ఆయనే అందిస్తాడు."

దస్తగిరి వెనక్కి తిరిగి చూశాడు. పెద్దాయన ఊదు వేస్తున్నాడు.

"మరి నీ కొడుకు మీద చదివించవా?"

"చదివిస్తా. బతకనియ్యమని." ఆమె అరచేతిలో చక్కెర చెమటకు తడిసింది. "నేను చెయ్యలేదమ్మా అంటాడు వాడు. ఒక పూట నమ్ముతా, ఒక పూట నమ్మలేను. చేసింటే, తానేం చేసినాడో తెలుసుకునేదానికైనా వాడు బతికుండాల. చెయ్యకపోతే, రేపు ఆ సంగతి తెలిసినాక ఎవరు తెచ్చిస్తారు నాయనా వాణ్ని?"

గాజుల బండి తోసుకుంటూ వెళ్లే తమ్ముడు దస్తగిరి కళ్ల ముందు కదిలాడు. తనకు తెలియకుండా ఇన్ని గురువారాలు వాడి పేరు ఇక్కడ ఎవరో తలుచుకున్నారు. అందులోనూ ఈమె.

"ఉండమ్మా, తినొద్దు. ఇప్పుడే వస్తా" అని లోపలికి నడిచాడు. గురువు ముందు పళ్లెం పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"బాబా, కోరిక మార్చుకోవచ్చునా?"

"ఏ కోరిక?"

"ఇందాక చదివారే, నేను మీ చెవిలో చెప్పింది."

పెద్దాయన చాలాసేపు ఆలోచించినట్టు కనిపించాడు.

"ఏమో నాయనా. నాకు గుర్తు లేదు" అన్నాడు.

దస్తగిరి ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. ఆ చేతులు ఊదు వాసన వేస్తున్నాయి. చిన్నప్పుడు తనకూ తమ్ముడికీ ఒకే పళ్లెంలో అన్నం కలిపి పెట్టినప్పుడూ ఇదే వాసన. రెండేళ్లుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. పెద్దాయన చేతులు వెనక్కి తీసుకోలేదు.

తర్వాత పళ్లెం తీసుకుని మళ్లీ గడప దగ్గరికి వచ్చాడు. హుసేనమ్మ చెయ్యి అలాగే చాపి ఉంచింది.

"మా మౌలాలి మీద. మీ సిలార్ బతకాలని."

"ఆమీన్" అంది హుసేనమ్మ. చక్కెర నోట్లో వేసుకుంది.

"ఆమీన్. ఇప్పటికైనా మా దాకా వస్తుందా?" అంది మాబున్ని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

అందరికీ పంచి వచ్చేసరికి పళ్లెంలో చివరి చిటికెడు మిగిలింది. పెద్దాయన తన చెయ్యి చాపాడు.

"దేని మీద?" అని అడిగాడు.

దస్తగిరి చెప్పాడు.

"ఆమీన్" అన్నాడు ఆయన. "సోమవారం కోర్టుకు నేనూ వస్తా. నువ్వు తడబడితే అందిస్తాను."

"మీకు గుర్తుంటుందా బాబా?"

పెద్దాయన చక్కెర చప్పరిస్తూ, "ఇది గుర్తుంటుంది" అన్నాడు.