పుంజు మంత్రి, నక్క మెప్పు

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోండి. మధ్యలో నవ్వితే నా కొమ్ములు ఊరుకోవు. నేను మామూలు మేకపోతును కాను. చదరంగంలో ఏనుగుల మందను ఓడించి కొండ అవతలిదాకా సాగనంపినవాణ్ణి. నాతో ఒక్క ఆట ఆడిన చిరుతపులి ఆ దిగులుతో ఆకులు మేయడం మొదలుపెట్టింది.

అలాంటి నన్ను ఓ కోడిపుంజు గ్రూపులోంచి తీసేశాడు.

మా మొక్కజొన్న చేను జంతువులన్నిటికీ ఫోన్లొచ్చిన కాలమది. అందరికీ ఒకటే పిచ్చి, గడియారం పెట్టుకుని ఫోన్లో ఆడే మెరుపు చదరంగం. కాకిడేగ అనే ఆ పుంజు, తాను ఓడిన ఆటను దొడ్డి గ్రూపులో పెట్టి ఎలా ఉందో చెప్పమన్నాడు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. అడిగాడు కదా అని నేనొక్కణ్ణే నిజం రాశాను.

"ఒరే, బలగం కదలకముందే నీ మంత్రి ప్రతిసారీ ఒంటరిగా నడిమధ్యకు ఉరుకుతోంది. ఎదుటివాడు అక్కడే కాచుకుంటున్నాడు. దాన్ని ఇంట్లో ఉంచి బంటును కదుపు."

"గడ్డం నెరిస్తే గ్రాండ్‌మాస్టరువైపోతావా తాతా? వెళ్లి తుమ్మకాయలు నములుకో," అని నన్ను బయటికి నెట్టాడు. నన్ను!

ఆ ఆట వాగు అవతలి గుంటనక్క కూడా చూశాడు. విడిగా కబురు పెట్టాడు. "బావా, ఆ మంత్రి ఎత్తు నీకే చెల్లింది. ఎవడేమన్నా మార్చకు." ఆ వెంటనే పందెం. నక్క ఓడితే వాగు దాటడు. పుంజు ఓడితే కోళ్లగూటికి గడియ పెట్టకూడదు. పొగడ్తకు ఉబ్బిపోయిన మహానుభావుడు సరేనన్నాడు.

గూట్లో అప్పుడే గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలున్నాయి. అతని పెట్ట నిలదీసింది. "మెడలు మావి, మెప్పు నీదా?"

మిట్టమధ్యాహ్నం ఆట మొదలైంది. ఆ ఫోన్ ఆటలో ఎదుటివాడు కదలకముందే మన ఎత్తు నొక్కిపెట్టుకోవచ్చు. వాడు కదలగానే మనది దానంతటదే పడుతుంది. పుంజు మంత్రి నడిమధ్యకు రావడం ఖాయమనుకుని, తన మంత్రితో దాన్ని చంపే ఎత్తు నక్క ముందే నొక్కేశాడు. నొక్కి ఊరుకోవచ్చుగా? ఆత్రం పట్టలేక రాశాడు: "మంత్రి ఇంకా బయల్దేరలేదేం బావా?"

పుంజు కాలు గాల్లోనే ఆగిపోయింది. వాడంత ముద్దుగా పిలుస్తున్న చోటూ, ముసలాడు వెళ్లొద్దన్న చోటూ ఒకటే. వెనక గూట్లో పిల్లలు కిచకిచమన్నాయి. మంత్రిని వదిలి పక్క బంటును నెట్టాడు.

నక్క మంత్రి తనంతట తానే ఎగిరొచ్చి ఖాళీ నడిమధ్యలో, ఆ బంటుకు ఏటవాలుగా కూర్చుంది. బంటు దాన్ని మింగేసింది. ఆపైన నక్క గడియారంలో సమయం ఉంది గానీ, ఆడ్డానికి బలం లేదు. గ్రూపంతా చూస్తుండగా ఓటమి ఒప్పుకున్నవాడు మళ్లీ వాగు దాటి ఇటు రాలేదు.

ఇక పుంజు. కంచె మీదికెక్కి, ఆ బంటు ఎత్తు తన బుర్రలోనే పుట్టిందని కూశాడు. నన్ను ఈనాటికీ గ్రూపులో చేర్చలేదు. అడిగి చెప్పించుకున్నవాడికి ఉండాల్సిన బుద్ధి ఇదేనా?

సరే, నీతి వినండి: మన చెడు కోరేవాడు ఏ ఎత్తు మార్చొద్దంటాడో, మనం ముందు మార్చుకోవాల్సింది ఆ ఎత్తే.

అబద్ధమంటారా? గూటి దూలం మీద అంతా చూసిన బల్లి ఉంది. వెళ్లి అడగండి, పేరు మాచమ్మ.