కొండ దాటని కబురు

ఒకానొక కొండల రాజ్యంలో కబుర్లన్నీ కేకల మీదే నడిచేవి. ఒక కొండ మీద అరిచిన మాటను పక్క కొండవాళ్ళు అందుకుని ఆ పై కొండకు అరిచేవారు. తప్పిపోయిన ఆవు, పుట్టిన బిడ్డ, సంతలో మిరియాల ధర, అన్నీ పొద్దు వాలేలోగా పొరుగు రాజ్యం దాకా వెళ్ళి వచ్చేవి.

ఆ రాజ్యాన్నేలే మార్తాండ భూపతికి దేవుడు కాస్త పొడవైన ముక్కునిచ్చాడు. పొరుగు రాజ్యపు సంతలో ఎవడో కొంటెవాడు, "ముందు ఆయన ముక్కు కొలువు తీరుతుంది, తర్వాత ఆయన వస్తాడు" అన్నాడు. ఆ మాట కొండలన్నీ దాటి, కోట పక్క కొండ మీద కేకలందుకునే సోములమ్మ గొంతులోంచి సరాసరి అంతఃపురంలో పడింది.

రాజు మండిపడ్డాడు. విదూషకుడు విరూపన్న మాత్రం ఆలోచనలో పడ్డాడు. మాట పుట్టిన చోట మన శాసనం చెల్లదు. విన్నవాళ్ళను శిక్షిద్దామంటే రాణిగారూ విన్నారు. మరి తప్పెవరిది? అదే సంగతి ధర్మాధికారి సోమయాజిని అడిగాడు.

"మధ్యలో మోసినవాళ్ళది," అన్నాడు సోమయాజి ఉత్తరీయం సర్దుకుంటూ.

రాజుకది నచ్చింది. తన ముఖం గురించిన మాట ఎవరు మోసినా దేశబహిష్కారమని శాసనం వేయించాడు. సోములమ్మను చెరలో పెట్టించి, వానలు వెలిశాక సరిహద్దు దాటించమన్నాడు.

ఇంతలో పొరుగు రాజ్యపు కోడలైన రాజకుమార్తెకు నెలలు నిండాయి. రెండో కాన్పు, అత్తవారింట్లోనే. మొదటిసారి చావు తప్పి బయటపడిన పిల్ల. వాగులు పొంగి గుర్రాల దారి మూసుకుపోయింది, కబురొస్తే కొండల మీదుగానే రావాలి. రాలేదు. రాజుకు అన్నం సయించలేదు. రాణి దేవుడి గది విడిచి రాలేదు.

కొండలెందుకు మూగబోయాయో చూద్దామని విరూపన్న సోములమ్మ కొండెక్కాడు. అక్కడ ఆమె కోడలు పైడి ఉంది.

"నిన్న అవతలి కొండ మీంచి మా చిన్నాయన ఒక్క కేకేశాడు బాబూ. కబురుందిట, చెప్పకూడనిదిట. ఆపైన నోరు మూసుకున్నాడు."

చావు కబురేమోనని విరూపన్న భయపడ్డాడు. అంతలోనే అసలు సంగతి తట్టింది. చావు కబురైతే కొండలు దాచవు, దుఃఖాన్నీ అరిచే చెబుతాయి. చెప్పకూడనిది ఈ రాజ్యంలో ఒక్కటే. నవ్వుకుంటూ కొండ దిగాడు.

"ప్రభూ, కబురు అవతలి కొండ మీద ఆగి ఉంది. తమ శాసనం దాటనివ్వడం లేదు," అని మనవి చేశాడు.

"శాసనం ఎత్తేశామని అరిపించు."

"ఏ శాసనమో చెప్పాలంటే తమ ముఖం మాట ఎత్తాలి. ఎత్తిన నోటికి బహిష్కారం. ఆ భయం లేని నోరు తమదొక్కటే."

సోమయాజి గొణుగుతూనే అవునన్నాడు.

పల్లకీ ఎక్కని కొండను రాజు రొప్పుతూ ఎక్కాడు. "నా ముక్కు గురించి చెప్పుకోవచ్చు" అని గొంతు పోయేదాకా అరిచాడు. గాలి ఆ మాటను సగంలోనే లాక్కుపోయింది. ఇక సోములమ్మను పిలిపించక తప్పలేదు.

ఆమె చేతులు జోడించింది. "నేను మోస్తే మళ్ళీ తప్పేగా బాబూ?"

"మోసినవాళ్ళది తప్పెలా అవుతుందే? మాట నాది," అన్నాడు రాజు విసుగ్గా.

విరూపన్న మెల్లగా వెనక్కి తిరిగాడు. "సోమయాజిగారూ, ఇది రాసుకోండి."

సోములమ్మ చెవి మీద చెయ్యి పెట్టి కేకేసింది. కాసేపటికి అవతలి నుంచి కేక తిరిగొచ్చింది. విని, ఆమె తల దించుకుంది.

"చెప్పవమ్మా," అన్నాడు రాజు.

"మగబిడ్డ బాబూ. తల్లీబిడ్డా చల్లగా ఉన్నారు. ముక్కు మాత్రం... అచ్చం తాతగారిదేనట."

అందరూ నేల చూపులు చూశారు. రాజు తన ముక్కు తడుముకున్నాడు. ఆ తర్వాత కళ్ళ నీళ్ళు కారేలా నవ్వాడు. భుజం మీది పట్టుశాలువా తీసి విరూపన్నకు కప్పాడు, చేతి కడియాలు సోములమ్మకిచ్చాడు.

"ఆ సంతవాడికి నా మాటగా ఓ కేకెయ్యి," అన్నాడు. "వాడన్నది నిజమే. నాకంటే ముందు నా ముక్కే వాళ్ళ రాజ్యం చేరుకుంది."

ఆ కేక కొండ కొండకూ నవ్వు తగిలించుకుంటూ సరిహద్దు దాటింది.