నడిచేవాడి బొమ్మ

అనగనగా అన్నానంటే ఎప్పుడని మాత్రం అడక్కండి. నాకు చెప్పినవాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎక్కడంటే చెబుతాను. ఉత్తరాన, ఇంకా ఇంకా ఉత్తరాన, చెట్టన్నది మొలవని చోట, సముద్రమే గడ్డకట్టి నేలలా పరుచుకునే చోట ఇన్యూట్ జనం ఉంటారు. వాళ్లలో ఉలాయు అని ఒక ముసలమ్మ ఉండేది.

ఆమె గొప్పదేం కాదు. ఉండేది ఒక్క గది ఇల్లు. చేసేది రాతి బొమ్మలు చెక్కే పని. మన బలపంలా మెత్తగా ఉండే పచ్చరాయి తెచ్చుకుని, ఉలితో చెక్కి, ఆకురాయితో అరగదీసి ఎలుగుబంట్లనూ గుడ్లగూబలనూ చేసేది. ఊళ్లో దుకాణం నడిపే పాడ్లూ వాటిని విమానంలో దక్షిణాన ఉన్న నగరానికి పంపేవాడు. అక్కడ ఒక పెద్ద హాల్లో అద్దాల వెనక పెట్టి చూపిస్తారట. ఆ హాలు ఎలా ఉంటుందో ఉలాయుకి తెలీదు. తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు.

ఆమెకి ఒక్కడే కొడుకు, తులుక్. ఒక ఏడు వేటకని మంచు మీదికి వెళ్లాడు. వెనకాల మంచు విరిగింది. విరిగిన పలక అతన్ని ఎక్కించుకుని సముద్రం లోపలికి కొట్టుకుపోయింది. ఊరంతా వెతికింది. ఒకరోజు వెతికారు, రెండోరోజు వెతికారు, మూడోరోజు తలలు వంచుకుని తిరిగొచ్చారు.

ఉలాయు ఏడవలేదు. "నా కొడుకు ఇంకా నడుస్తున్నాడు," అంది. ఒక పచ్చరాయి తీసుకుని కొడుకు బొమ్మ చెక్కింది. గుప్పిట్లో పట్టేంత బొమ్మ. ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి, ఎదురుగాలికి వంగిన ఒళ్లు. ఆ ఊళ్లో పాత పద్ధతి బొమ్మలకి పీట ఉండదు. చేతిలో పట్టుకుని, తిప్పి తిప్పి చూసుకోవడానికే వాటిని చేస్తారు. ఇదీ అంతే. కింద పెడితే బోర్లా పడేది.

రాయి చల్లబడకూడదు, కొడుకు అడుగు ఆగకూడదు. ఇదీ ముసలమ్మ పట్టు. కుడిచేత్తో టీ కాస్తుంటే ఎడమచేతిలో రాయి. పడుకుంటే చంకలో రాయి. ఇంటికెవరైనా వస్తే ముందు వాళ్ల చేతిలో రాయి పెట్టాల్సిందే, తర్వాతే టీ. నవ్వేవాళ్లు నవ్వేవారు. నవ్వుతూనే పట్టుకునేవారు.

కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆమెకి ఒక దిగులు పట్టుకుంది. వేడి గిన్నె పట్టుకున్నా వేళ్లు వెచ్చబడటం లేదు. నేను పోతే వీణ్ణి ఎవరు పట్టుకుంటారు? ఆ మాట పైకి అనేది కాదు. అంటే నిజమవుతుందని భయం.

ఇలా ఉండగా పాడ్లూ నగరంలో ప్రదర్శనకని బొమ్మల కోసం వచ్చాడు. మూడు బొమ్మలు ఇవ్వాలి. ఉలాయు ఏ బొమ్మనైనా పాత జింకతోలు ముక్కలోనే చుట్టేది. చూపు మసక. మూటలకి తాడు కట్టడానికి రెండు చేతులూ కావాల్సొచ్చి, కొడుకు చల్లబడకుండా తోలులో చుట్టి వాటి పక్కనే పెట్టింది. పాడ్లూ మూడు మూటలు తీసుకుని వెళ్లాడు. విమానం లేచిపోయింది. ఉలాయు మిగిలిన మూట విప్పింది.

గుడ్లగూబ!

ముసలిదాని ఎడమచెయ్యి ఖాళీగా మూసుకుని, తెరుచుకుని, మళ్లీ మూసుకుంది. ఆ చేతిని ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు.

మూడోరోజు నగరం నుంచి దుకాణానికి కబురొచ్చింది. పాడ్లూ ఆమె ఇంటికొచ్చి చదివాడు. "అన్నీ బాగున్నాయి. మనిషి బొమ్మ ఒక్కటే నిలబడటం లేదు. పాదాలు కొంచెం కోసి, చదును చేసి, పీటకి అతికిస్తాం. ఆదివారం ప్రదర్శన."

"వద్దని చెప్పు! ఇప్పుడే చెప్పు!"

"చెబుదామనే చూశానత్తా. మంచుగాలికి ఫోను లైను పోయింది. అయినా రాయే కదా, ఇంకోటి చెక్కుకోరాదూ?"

"నీ పాదాలు కోస్తే ఇంకో జత చెక్కుకుంటావట్రా?" అంది ఉలాయు.

పాడ్లూ శనివారం విమానంలో ఆమెని ఎక్కించి, నగరం భాష వచ్చినవాడు కాబట్టి తానూ ఎక్కాడు. దారంతా ఆమె ఒక్కటే అడిగింది. "కోసేసి ఉంటారంటావా?" లేదత్తా అన్నాడు. కాసేపాగి మళ్లీ అడిగింది. లేదత్తా అన్నాడు. మూడోసారి అడిగితే కిటికీలోంచి చూశాడు.

హాలు గుమ్మంలో కాపలావాడు అడ్డొచ్చాడు. "ఇవాళ మూసి ఉంది. రేపు రండి." ఉలాయు అంది, "నా కొడుకు ఇంకా నడుస్తున్నాడు." పాడ్లూ ఆ మాటని నగరం భాషలో చెప్పాడు. ఆమె మొహం చూసి కాపలావాడు పక్కకి తప్పుకున్నాడు.

లోపల పేర్ల చీటీలు అతికించే అమ్మాయి అడ్డొచ్చింది. "ఏదీ ముట్టుకోకూడదు." ఉలాయు అంది, "నా కొడుకు ఇంకా నడుస్తున్నాడు." ఆ అమ్మాయి చీటీలు పక్కన పెట్టి, మనిషి బొమ్మ ఉన్న వెనక గది చూపించింది.

వెనక గదిలో హాలు పెద్దాయన ఉన్నాడు. బొమ్మని తలకిందులుగా బల్లకి బిగించాడు. రంపం చేతిలో ఉంది. ముందుకాలి పాదం మీద అప్పుడే సన్నని గీత పడింది.

"ఆగు నాయనా!"

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. చెడ్డవాడు కాదు, పని తెలిసినవాడే. "అమ్మా, చాలా బాగా చెక్కారు. కానీ నిలబడకపోతే జనానికి ఎలా చూపించను?" అన్నాడు. పాడ్లూ అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పసాగాడు.

"వాడు మంచు మీద ఉన్నాడు. ఇంటికి నడుస్తున్నాడు. నిలబడితే ఎలా వస్తాడు?" అంది ఉలాయు. "నీ చెయ్యి చాపు."

బిగింపు విప్పి, రాయిని అతని అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. బొమ్మ వీపున చిన్న పల్లం ఉంది. ఏళ్ల తరబడి ఆమె బొటనవేలు రాసిన చోటు. పెద్దాయన బొటనవేలు దానంతటదే వెళ్లి అందులో కూర్చుంది. రాయి మంచులా ఉంది. అతను అలాగే పట్టుకున్నాడు. రాయి నెమ్మదిగా వెచ్చబడింది. అతని కళ్లు తడిశాయి. ఎవరు గుర్తొచ్చారో చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"పక్కవాళ్లకివ్వు."

చీటీల అమ్మాయికిచ్చాడు. ఆమె కాపలావాడికిచ్చింది. ఆదివారం హాలు తెరిచారు. జనం వరస కట్టారు. రాయి చేతిలోంచి చేతిలోకి వెళ్లింది. ఉలాయు ఒక మూల కూర్చుని చూసింది. అన్ని చేతులు! కుర్రచేతులు, లావుచేతులు, ఉంగరాల చేతులు. అన్నీ వెచ్చటి చేతులు.

సాయంత్రం పెద్దాయన రాయిని ఆమె ఒళ్లో పెట్టాడు. "మీ అబ్బాయిని తీసుకెళ్లండమ్మా. తప్పు మాది."

ఆమె రాయి మీద గీతని తడిమింది. పల్లంలో బొటనవేలు పెట్టింది. ఎంతసేపు పట్టుకున్నా ఆ వేళ్లలో రాయి చల్లబడుతూనే ఉంది. ఆమెకి దుఃఖం పొంగుకొచ్చింది. ఇన్నేళ్లకి, అందరి ముందూ, వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత రాయిని పెద్దాయన చేతిలోనే పెట్టేసింది.

"నా చేతులు అయిపోయాయి నాయనా. ఇక్కడ చేతులకి కొదవ లేదు. కింద మాత్రం పెట్టకండి."

ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లింది. ఆ చలికాలమే పోయింది. పాడ్లూ ఇంట్లో పుట్టిన ఆడపిల్లకి వాళ్ల ఆచారం ప్రకారం ఆమె పేరే పెట్టారు. పేరుతో పాటు మనిషీ తిరిగొస్తుందని వాళ్ల నమ్మకం. పాడ్లూ కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని "అత్తా, పాలు తాగత్తా" అని బతిమాలేవాడు.

తులుక్ వచ్చాడా అని పిల్లలు అడుగుతారు. అబద్ధం చెప్పను. రాలేదు. కానీ ఆ హాల్లో ఇప్పటికీ ఒక బొమ్మకి అద్దం లేదు, పీట లేదు. వచ్చినవాళ్లు పట్టుకుంటారు, తర్వాతివాళ్లు వచ్చేదాకా వదలరు. హాలు మూశాక కాపలావాడు జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళతాడు. రాయిని ఒకరి చేతిలోంచి ఒకరికి ఇచ్చేటప్పుడు "ఇంకా నడుస్తున్నాడు" అంటారు.

ఉలాయు ఊళ్లో ఎవరైనా మంచు మీంచి రావడం ఆలస్యమైతే వచ్చాడా అని ఇంటివాళ్లని అడగరు. గుమ్మంలోకి వచ్చి, రాయి లేకపోయినా చెయ్యి చాపి, "మీవాణ్ణి కాసేపు నాకివ్వండి, నేను పట్టుకుంటాను" అంటారు.