గంట మోగని సాయంత్రం

గంట కొడితే తప్ప వేళ తెలియని ఆ రోజుల్లో ఒకానొక రాజ్యాన్ని రణకేతు మహారాజు ఏలేవాడు. మంచివాడే, కానీ తన మాటకు సూర్యుడు కూడా తలొగ్గాలనుకునేవాడు.

ఆయన కొత్త మేడ కట్టిస్తున్నాడు. ఉదయపు గంట నుంచి సాయంత్రపు గంట దాకా పనిచేస్తే కూలీలకు మానెడు జొన్నలు. గంట మోగాక కూడా చేయిస్తే అదనపు కూలి ఇవ్వాలన్నది తాతల నాటి కట్టుబాటు. అది ఎగ్గొట్టడానికి రాజు ఒక ఉపాయం పన్నాడు.

"అనుకున్నంత గోడ లేచేదాకా సాయంత్రపు గంట కొట్టవద్దు. గంట మోగేదాకా నా రాజ్యంలో పగలే!"

ఇక చూడండి, దివిటీలు వెలిగించుకుని మరీ పగటి పని!

సున్నం తట్టలు మోసే పోలమ్మ ఒకరోజు రాజుగారి కొలువులో ఉండే మాచన దగ్గరికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"బాబయ్యా, ఇంటికాడ పాలు తాగే పిల్లున్నాది. నేనెల్లేతలికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిపోతన్నాది. మద్దెలో ఎల్తే రోజు కూలంతా కోసేత్తన్నారు."

మాచన మనసు చివుక్కుమంది. రాజుకు చెప్పి చూశాడు. రాజు చెవిన పెట్టలేదు.

అంతలో కార్తీక సోమవారం వచ్చింది. రాజుకు ఆ రోజు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని ఉపవాసం. సాయంత్రపు గంట విన్నాకే భోజనం. చుక్కలు పొడిచాయి. ఆకలికి నియమం మరిచిన రాజు విస్తరి ముందు కూర్చుని నేతి గారె అందుకోబోయాడు.

"ఆగండి ప్రభూ! వ్రతభంగం!" అన్నాడు మాచన. "ఇంకా పగలే కదా."

"నీకు చుక్కలు కనబడటం లేదా?"

"నాకూ కనబడుతున్నాయి, తట్ట మోస్తున్న పోలమ్మకూ కనబడుతున్నాయి. కానీ తమ ఆజ్ఞ ప్రకారం గంట మోగలేదు. మీరు ఆకలికి ఒక్క పూట ఓర్చుకోలేకపోతున్నారు. ఆమె చంటిబిడ్డ రోజూ ఓర్చుకుంటోంది."

రాజు చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది. బయట తాపీల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"గంట కొట్టించు," అన్నాడు రాజు, గొంతు తగ్గించి. "రేపటినుంచి పొద్దు గుంకగానే కొట్టాలి. ఆపైన ఇష్టమున్నవాళ్ళే పనిచేస్తారు, దానికి రెట్టింపు కూలి. పాలిచ్చే తల్లుల్ని మధ్యాహ్నం ఇంటికి పంపాలి, కూలి కోయకూడదు."

గంట మోగింది.

"మాచనా, నీకేం బహుమానం కావాలో కోరుకో."

"ముందు తృప్తిగా భోంచేయండి ప్రభూ. ఇందాకటి ఆజ్ఞ ఆకలి మీద అన్న మాట. కడుపు నిండాక ఇదే మాట ఇంకొక్కసారి అనండి. అదే నాకు బహుమానం."

రాజు పకపకా నవ్వాడు. కడుపారా తిన్నాడు, చేయి కడుక్కున్నాడు, తాంబూలం కూడా వేసుకున్నాడు. అప్పుడు అదే మాట, ఒక్క ముక్క తగ్గించకుండా, మళ్ళీ చెప్పాడు.

అప్పటికే పోలమ్మ ఇంట్లో బిడ్డ పాలు తాగుతోంది.